బంతిని వదలని షుట్లర్

2003 జనవరి 26 ఆదివారం. అనంతపురంలో డిగ్రీ చదువుతున్న నేను ముందురోజు సాయంత్రమే రైలెక్కి గుంతకల్లులో మామయ్య వాళ్ల రైల్వే క్వార్టర్స్‌కు చేరుకున్నాను. మా హాస్టల్ టీవీలో క్రీడల ఛానెళ్లు వచ్చేవి కావు. మామయ్య ఇంట్లో కేబుల్ ఉండేది. ఆ ఉదయం మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల ఫైనల్. అత్తయ్య ఢిల్లీ కవాతు చూడాలని ఉప్మా గిన్నె చేతిలో పట్టుకుని వచ్చి నిలబడితే, మామయ్య ఎంతో బతిమాలే గొంతుతో “ఒక్క గంట ఆగు, అయిపోతుంది” అన్నారు. నిజంగానే గంటా పదహారు నిమిషాల్లో అయిపోయింది. ఆండ్రీ అగస్సీ 6-2, 6-2, 6-1తో గెలిచి తన ఎనిమిదో గ్రాండ్‌స్లామ్ ట్రోఫీ అందుకున్నాడు. అదే ఆయన చివరిది కూడా అవుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఓడిపోయిన జర్మన్ ఆటగాడి పేరు రైనర్ షుట్లర్. ఆరోజు వరకు ఆ పేరు నేను రెండు మూడు సార్లు కంటే ఎక్కువ విని ఉండను. ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా ఆ పేరు ఎక్కడ కనిపించినా ఆగి చదువుతూనే ఉన్నాను.

అందుకు కారణం మామయ్యే. ఆయన రైల్వేలో పని చేస్తూ, రోజూ తెల్లవారకముందే లేచి కాలనీలోని మట్టి కోర్టుకు వెళ్లి టెన్నిస్ ఆడేవారు. ఆ కోర్టును ముందురోజు సాయంత్రం నీళ్లతో తడిపి, రోలర్ లాగి, సున్నంతో గీతలు వేసే పని కూడా ఆయనా, ఇంకో ముగ్గురు సహోద్యోగులూ వంతులు వేసుకుని చేసేవారు. నూగంతా అరిగిపోయి నున్నగా, ఎర్రగా మారిన బంతులతోనే నెలలు గడిపేవారు. రాకెట్ తీగ తెగితే గట్టింగ్ చేయించడానికి బళ్లారి పంపించి, అది తిరిగి వచ్చేదాకా ఎవరిదో ఒకటి అడిగి తీసుకుని ఆడేవారు. ఆటలో ఆయనకు పెద్ద సర్వీసు లేదు, చూడగానే అబ్బో అనిపించే షాటూ లేదు. పరుగు మాత్రం ఉండేది. “బంతి రెండోసారి నేలను తాకేదాకా అది బతికి ఉన్నట్టే అల్లుడూ” అని నాకు నేర్పింది ఆయనే. ఆ ఫైనల్ మూడో సెట్‌లో, ఆట ఎటు పోతోందో స్టేడియంలో కూర్చున్న చివరి మనిషికి కూడా తెలిసిపోయిన తరువాత, అగస్సీ కొట్టిన ఒక బంతి కోసం షుట్లర్ కోర్టు ఈ మూల నుంచి ఆ మూల దాకా పరుగెత్తి, అందుకోలేక, గోడ దాకా వెళ్లి ఆగాడు. మామయ్య టీవీకి ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చుని, “వీడు మనవాడురా” అన్నారు.

స్టెఫీ గ్రాఫ్ గ్యాలరీలో కూర్చుని ఉంది. జర్మనీ కన్న గొప్ప క్రీడాకారిణి జర్మన్ ఆటగాడికి ఎదురుగా ఆడుతున్న భర్త కోసం చప్పట్లు కొడుతుండడం వింతగా అనిపించింది కానీ, అందులో ఆమె తప్పేముంది. షుట్లర్ వైపు నుంచి ఆలోచిస్తే మాత్రం ఆ ఉదయం ఎంత ఒంటరిదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. బెకర్, స్టిచ్, గ్రాఫ్‌ల తరం ముగిశాక జర్మనీలో టెన్నిస్ అంటే వాళ్ల నీడలో నిలబడడమే. 1996 ఫ్రెంచ్ ఓపెన్‌లో మైఖేల్ స్టిచ్ తరువాత ఒక గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ఫైనల్‌కు చేరిన మొదటి జర్మన్ పురుషుడు షుట్లరే. ఆయన తరువాత మళ్లీ ఒక జర్మన్ పురుషుడు అంత దూరం వెళ్లింది 2020లో, అలెగ్జాండర్ జ్వెరెవ్ అమెరికన్ ఓపెన్ ఫైనల్ ఆడినప్పుడు. పదిహేడేళ్లు మధ్యలో ఖాళీ. ఆ ఖాళీని పక్కన పెట్టుకుని చూస్తే 2003 నాటి ఆ 76 నిమిషాల ఓటమి నాకు వేరుగా కనిపిస్తుంది.

ఆ రోజుల్లో చాలామంది ఆయనను అదృష్టవంతుడనే అన్నారు. మూడో రౌండ్‌లో మరాత్ సఫిన్ గాయంతో తప్పుకోవడంతో వాకోవర్ దొరికిందనీ, సెమీఫైనల్‌లో ఎదురుపడిన ఆండీ రాడిక్ అంతకుముందు మ్యాచ్‌లో యూనిస్ ఎల్ ఐనవీతో ఐదో సెట్ 21-19 దాకా ఆడి అలసిపోయి వచ్చాడనీ చెప్పేవారు. ఆ రెండూ నిజాలే, కాదనను. కానీ ఆ రెండింటికీ నడుమ ఏం జరిగిందో వాళ్లు చెప్పేవారు కాదు. 31వ సీడ్‌గా, అంటే పోటీ నిర్వాహకులు ముందే వేసిన మేటి ఆటగాళ్ల వరుసలో 31వ వాడిగా బరిలోకి దిగిన ఆ మనిషి నాలుగో రౌండ్‌లో జేమ్స్ బ్లేక్‌ను ఓడించాడు. క్వార్టర్ ఫైనల్‌లో, అంతకు ఆరు నెలల క్రితమే వింబుల్డన్ ఫైనల్ ఆడిన డేవిడ్ నల్బాండియన్‌తో మొదటి రెండు సెట్లు చెరొకటి పంచుకుని, ఆ తరువాత 6-1, 6-0తో ముగించాడు. నల్బాండియన్ లాంటి ఆటగాడి చేతిలో నుంచి చివరి పదమూడు గేముల్లో పన్నెండు లాక్కోవడాన్ని అదృష్టం అని ఎలా అంటాం? రాడిక్ అలసిపోయి ఉండవచ్చు. అలసిన వాడిని ఇంకా అలసిపోయేలా బంతి వెనక బంతి తిప్పి పంపడానికి ఎదుటివాడికి ఊపిరితిత్తులు ఉండాలి కదా. షుట్లర్ దగ్గర ఉన్నది అదే. అయిదడుగుల పదకొండు అంగుళాల మనిషి, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్, బేస్‌లైన్ మీద నుంచి ఎంతసేపైనా కదలగల కాళ్లు. ఆయన మీద గెలవాలంటే ఒక పాయింటును మూడు సార్లు గెలవాల్సి వచ్చేది.

హెస్సే రాష్ట్రంలోని కోర్బాఖ్ అనే చిన్న ఊళ్లో 1976 ఏప్రిల్ 25న ఆయన పుట్టాడు. ఆ ఊరిని ఆనుకుని ఐసెన్‌బర్గ్ అనే కొండ ఉంది. పూర్వం అక్కడ బంగారం తవ్వేవారట. కొండ దగ్గరి పల్లె పేరే గోల్డ్‌హౌసెన్. అనంతపురం జిల్లాలో పెరిగి, రామగిరి బంగారు గనుల గురించి చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన నాకు ఈ సంగతి చదివినప్పుడు ఎందుకో ఆయన ఇంకొంచెం దగ్గరివాడుగా అనిపించాడు. 1995లో ప్రొఫెషనల్ అయ్యాడు. 1999లో దోహాలో టిమ్ హెన్‌మన్‌ను ఓడించి తొలి టైటిల్ గెలిచాడు. 2001లో షాంఘై. డిర్క్ హోర్డార్ఫ్ అనే కోచ్ చాలా ఏళ్లు ఆయన వెంట ఉన్నాడు. మెల్‌బోర్న్ తరువాత ఆ ఏడాదంతా షుట్లర్ ఆగలేదు. అక్టోబరులో టోక్యోలో, లియాన్‌లో వరుసగా రెండు టైటిళ్లు గెలిచాడు. ఏడాది చివర హ్యూస్టన్‌లో ఎనిమిది మంది మేటి ఆటగాళ్ల మాస్టర్స్ కప్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. అక్కడా అగస్సీయే ఎదురయ్యాడు. ఈసారి మూడు సెట్లు పట్టింది. 2004 ఏప్రిల్‌లో మోంటే కార్లో ఫైనల్ సరిగ్గా ఆయన ఇరవై ఎనిమిదో పుట్టినరోజు నాడు జరిగింది. గిలెర్మో కోరియా 6-2, 6-1, 6-3తో ఓడించాడు. మరునాడు వెలువడిన ర్యాంకుల్లో షుట్లర్ ప్రపంచంలో అయిదోవాడు. అంతకంటే పైకి ఆయన ఎప్పుడూ వెళ్లలేదు.

ఆ ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్ వచ్చాయి. ఆ రోజులను తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు రెండుగా చీలుతుంది.

దేశమంతా లియాండర్ పేస్, మహేశ్ భూపతిల మీద ఆశలు పెట్టుకుని ఉంది. వాళ్లిద్దరూ మొదటి రౌండ్‌లో రాడిక్, మార్డీ ఫిష్‌ల జంటను, ఆ తరువాత రోజర్ ఫెదరర్, ఈవ్ అలెగ్రోల జంటను, క్వార్టర్ ఫైనల్‌లో జింబాబ్వేకు చెందిన వేన్ బ్లాక్, కెవిన్ ఉల్యెట్‌లను ఓడించి సెమీఫైనల్‌కు వచ్చారు. ఇక ఒక్క విజయం చాలు, పతకం ఖాయం. అవతలి పక్కన నికోలస్ కీఫర్, రైనర్ షుట్లర్. నేను ఆ సాయంత్రం కూడా గుంతకల్లులోనే ఉన్నాను. కాలనీలో తెలిసినవాళ్లంతా మామయ్య ఇంటి ముందు గదిలో చేరారు. చోటు చాలక పిల్లలు కిటికీ అంచు మీద కూర్చున్నారు. మేం గెలుస్తామనే అనుకున్నాం. 6-2, 6-3తో జర్మన్లు గెలిచారు. మ్యాచ్ అంతగా సాగలేదు కూడా. భూపతి సర్వీసు మీద షుట్లర్ తిప్పి పంపిన బంతులు పేస్ రాకెట్‌కు అందకుండా, నెట్‌కు అంగుళం ఎత్తులో, కాళ్ల దగ్గరికి దిగేవి. అలాంటిదొకటి పడినప్పుడు పక్కింటి గార్డుగారు విసుగ్గా లేచి వెళ్లిపోయారు. మామయ్య లేవలేదు. నా వైపు చూసి, చాలా నెమ్మదిగా, “ఏం చేద్దాం అల్లుడూ, బాగా ఆడుతున్నాడు” అన్నారు. ఆయన గొంతులో బాధ ఉంది. ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు.

మనవాళ్లు ఆ తరువాత కాంస్యం కోసం క్రొయేషియా జంట మారియో అంచిచ్, ఇవాన్ లూబిచిచ్‌లతో ఆడి, చివరి సెట్ 16-14 దాకా లాగి ఓడిపోయారు. ఆ ఓటమికి కాలనీలో ఒకరిద్దరి కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. ఆ ఆటలలో మనకు దక్కిన ఒకే ఒక్క పతకం రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ షూటింగ్‌లో తెచ్చిన రజతం. పేస్, భూపతిల మీద ఆ సెమీఫైనల్‌లో గెలిచినవాళ్లు కనీసం బంగారమైనా తెచ్చుకోవాలని నేను లోలోపల కోరుకున్నాను. ఓడించిన చేతికే పెద్ద పతకం దక్కితే మన ఓటమికి కూడా కాస్త విలువ పెరుగుతుందన్నది బహుశా నా ఊహ.

ఫైనల్ చిలీ జంట ఫెర్నాండో గొంజాలెజ్, నికోలస్ మసూలతో. ఏథెన్స్‌లో అర్ధరాత్రి దాటి చాలాసేపటి దాకా సాగిన ఆ ఆట ముగిసేసరికి మనకు తెల్లవారుతోంది. నేను దాన్ని చూడలేదు. మరునాడు పేపర్లో వచ్చిన వివరాన్ని ఎన్ని సార్లు చదివానో లెక్కలేదు. మొదటి సెట్ 2-6తో పోగొట్టుకున్న జర్మన్లు తరువాతి రెండు సెట్లు 6-4, 6-3తో గెలిచారు. నాలుగో సెట్ 6-6తో సమమై, సెట్‌ను తేల్చే టైబ్రేక్ దాకా వెళ్లింది. అందులో 6-2 ఆధిక్యం. అంటే వరుసగా నాలుగు మ్యాచ్ పాయింట్లు. నాలుగింటిలో ఏ ఒక్కటి చేతికి వచ్చినా ఒలింపిక్ స్వర్ణం. నాలుగూ జారిపోయాయి. టైబ్రేక్ 9-7తో చిలీ గెలిచింది, అయిదో సెట్ 6-4తో అదీ చిలీదే. ఒలింపిక్స్ చరిత్రలో చిలీ దేశానికి అదే మొట్టమొదటి స్వర్ణ పతకం. బంగారు కొండ పక్కన పుట్టిన షుట్లర్ మెడలో వెండి పడింది.

ఆ ఆదివారమంతా మామయ్య ఆ నాలుగు పాయింట్ల గురించే మాట్లాడారు. ఆయన ఆడిన కాలనీ పోటీలలోనూ ఒకసారి గెలుపు అంచు దాకా వచ్చి ఓడిపోయిన రోజు ఉందట. ఆ రాత్రి పడుకుని కళ్లు మూసుకుంటే ఆ బంతులు ఒక్కొక్కటే వచ్చాయని చెప్పారు. మరునాడు ఉదయం మాత్రం అందరికంటే ముందే కోర్టుకు వెళ్లారట. ఎందుకు వెళ్లారని అడిగితే, “ఇంట్లో ఉంటే ఇంకా వస్తాయి కదా” అన్నారు.

ఆ తరువాత షుట్లర్ ఆట దిగజారింది. ర్యాంకు పడిపోతూ వచ్చింది, పత్రికలు ఆయనను మరిచిపోయాయి. నేను కూడా ఉద్యోగ వేటలో పడి చాలాకాలం టెన్నిస్ చూడలేదు. ఆ మూడు నాలుగేళ్ల గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు.

2008 జూలై నాటికి నేను చెన్నైలో ఉద్యోగం చేస్తూ ట్రిప్లికేన్‌లో ఒక మ్యాన్షన్‌లో ఉండేవాడిని. పది అడుగుల గదిలో ముగ్గురం. టీవీ కింద మెస్‌లో ఉండేది. ఆ ఏడాది వింబుల్డన్ అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది నడాల్, ఫెదరర్‌ల ఫైనల్. నాకు మాత్రం అంతకు ముందు బుధ, గురువారాలు గుర్తుకు వస్తాయి. ప్రపంచ ర్యాంకుల్లో 94వ స్థానంలో ఉన్న ముప్పై రెండేళ్ల షుట్లర్ రెండో రౌండ్‌లో తన పాత ప్రత్యర్థి జేమ్స్ బ్లేక్‌ను అయిదు సెట్లలో ఓడించి, నాలుగో రౌండ్‌లో జాంకో టిప్సరేవిచ్‌ను దాటి క్వార్టర్ ఫైనల్‌కు వచ్చాడు. అక్కడ ఎదురైనవాడు ఫ్రాన్స్‌కు చెందిన ఆర్నో క్లెమెంట్. ఇతడి కథా అలాంటిదే: 2001 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్‌లో అగస్సీ చేతిలో వరుస సెట్లలో ఓడిపోయినవాడు, 2003 లియాన్ ఫైనల్‌లో షుట్లర్ చేతిలో ఓడిపోయినవాడు. ఇద్దరూ పొట్టివాళ్ల కిందే లెక్క, ఇద్దరూ కాళ్ల మీద బతికినవాళ్లు, ఇద్దరి పనీ అయిపోయిందనే అందరూ అనుకున్నారు. ఆ ఇద్దరూ రెండు రోజుల పాటు, మొత్తం 5 గంటల 12 నిమిషాలు ఆడారు. 6-3, 5-7, 7-6, 6-7, 8-6. క్లెమెంట్‌కు దక్కిన ఒక మ్యాచ్ పాయింట్‌ను కాచుకుని మరీ షుట్లర్ గెలిచాడు.

గురువారం ఆఫీసు నుంచి తొందరగా వచ్చి మెస్‌లో కూర్చున్నాను. సాంబారు బకెట్ పట్టుకుని తిరుగుతున్న కుర్రవాడు నన్ను చూసి, ఇది ఎవరి ఆట అని తమిళంలో అడిగాడు. నాకు వచ్చిన కొద్దిపాటి తమిళంలో వివరించలేక, ఏథెన్స్ అన్నాను, పేస్ అన్నాను. అతడికి అర్థమైంది. బకెట్ కింద పెట్టి, చివరి రెండు గేములు నాతో పాటు నిలబడి చూశాడు. ఆఖరి పాయింటు ముగియగానే నేను గుంతకల్లుకు ఫోన్ చేశాను. మామయ్య ఎత్తగానే ‘హలో’ అనలేదు. “చూస్తున్నా, చూస్తున్నా” అన్నారు. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. శుక్రవారం సెమీఫైనల్‌లో నడాల్ 6-1, 7-6, 6-4తో గెలిచాడు. ఆ రెండో సెట్ టైబ్రేక్ దాకా వెళ్లడమే మాకు పండుగ.

ఆరు నెలలకు షుట్లర్ మా ఊరికి వచ్చాడు. మా ఊరంటే చెన్నై. కానీ ఆ రోజుల్లో నాకు అది మా ఊరే. 2009 జనవరిలో నుంగంబాక్కం స్టేడియంలో జరిగిన చెన్నై ఓపెన్‌లో ఆయన సెమీఫైనల్‌కు చేరుకున్నాడు. అవతల, వైల్డ్‌కార్డ్‌తో, అంటే నిర్వాహకులు ప్రత్యేకంగా ఇచ్చిన ప్రవేశంతో బరిలోకి దిగి రెండు సార్లు విజేతైన కార్లోస్ మోయాను, ఆ తరువాత ఆకాశమంత ఎత్తున్న ఇవో కార్లోవిచ్‌ను ఓడించిన మన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్. సెమీఫైనల్ శనివారం. ముందురోజు రాత్రికి రాత్రే మామయ్యకు ఫోన్ చేస్తే, ఆయన అప్పటికప్పుడు బయలుదేరి, కూర్చునే చోటు కూడా సరిగా దొరకని రైల్లో ఉదయానికి చెన్నై సెంట్రల్‌లో దిగారు. చేతిలో ఒక చిన్న సంచి. అందులో అత్తయ్య కట్టి పంపిన చపాతీలు, ఒక కొత్త టెన్నిస్ బంతి. ఆ బంతి మీద సంతకం పెట్టించుకోవాలని ఆయన కోరిక.

స్టేడియం గేటు దగ్గరికి వెళ్లాక తెలిసింది: షుట్లర్ మణికట్టు గాయంతో తప్పుకున్నాడు. సోమ్‌దేవ్ ఆడకుండానే ఫైనల్‌కు చేరుకున్నాడు. మా చుట్టూ ఉన్నవాళ్లు కేకలు వేశారు, ఒకరి చేతులు ఒకరు కొట్టుకున్నారు. సొంత ఊళ్లో సొంత కుర్రవాడు ఫైనల్‌కు వెళ్తున్నాడన్న ఆనందం వాళ్లది, అందులో తప్పు లేదు. మేం కూడా అందుకు సంతోషించాం. అయినా మామయ్య చేతిలోని సంచి చూసి నాకు గొంతు పట్టేసినట్టయింది. రాత్రంతా నిలబడి వచ్చిన మనిషికి ఏం చెప్పాలో తోచలేదు. ఆయనే నా భుజం మీద చెయ్యి వేసి, తన కుడి మణికట్టు చూపించారు. అక్కడ ఎముక కొంచెం పక్కకు పొడుచుకుని ఉంటుంది. ఎప్పుడో ఒకసారి నొప్పి మీద ఆడి, ఆ తరువాత నాలుగు నెలలు రాకెట్ పట్టుకోలేకపోయిన గుర్తు. “మణికట్టుతో ఆడకూడదు అల్లుడూ. ఇతను ఆడలేదంటే నిజంగానే ఆడలేడని అర్థం” అన్నారు. ఆ మాట ఇంకెవరు చెప్పినా నేను అంతగా నమ్మేవాడిని కాదు.

ఆ రోజు మిగిలిన సెమీఫైనల్ చూశాం. మరునాడు సోమ్‌దేవ్ ఫైనల్‌లో మారిన్ చిలిచ్ చేతిలో 6-4, 7-6తో ఓడిపోయాడు. సంతకం లేని ఆ కొత్త బంతి గుంతకల్లు తిరిగి వెళ్లి, కాలనీ కోర్టులో నూగు అరిగేదాకా ఆడబడింది.

షుట్లర్ 2012లో ఆటకు స్వస్తి చెప్పాడు. 2018 చివరలో జర్మన్ క్రీడాకారిణి ఏంజెలిక్ కెర్బర్‌కు కోచ్‌గా కుదిరాడు. అప్పటికి ఆమె ఆ ఏడాది వింబుల్డన్ విజేత. 2019లో ఆమె ఇండియన్ వెల్స్‌లో, ఈస్ట్‌బోర్న్‌లో ఫైనల్స్ ఆడింది, రెండింటిలోనూ ఓడిపోయింది. వింబుల్డన్ తరువాత ఇద్దరూ విడిపోయారు. 2020లో ఆయన దేశాల మహిళా జట్ల మధ్య జరిగే ఫెడ్ కప్‌లో జర్మనీ జట్టుకు కెప్టెన్ అయ్యాడన్న వార్త చదివినప్పుడు నేను కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడ్డాను. అంతకుముందు ఆ జట్టుకు బార్బరా రిట్నర్ పన్నెండేళ్లకు పైగా, ఆమె తరువాత జెన్స్ గెర్లాఖ్ కెప్టెన్‌గా ఉన్నారు. రిట్నర్ కాలంలోనే జర్మనీ 2014లో ప్రేగ్‌లో ఫైనల్ ఆడింది. అలాంటి జట్టు పగ్గాలు మా షుట్లర్‌కు వచ్చాయి.

ఆ ఫిబ్రవరిలో బ్రెజిల్‌లోని ఫ్లోరియానోపోలిస్‌లో మట్టి కోర్టు మీద ఆయన తొలి పోరు. జర్మనీ 4-0తో గెలిచింది. ఆ వెంటనే కరోనా ప్రపంచాన్ని కమ్ముకుంది. ఆ పోటీ పేరు కూడా అదే ఏడాది బిల్లీ జీన్ కింగ్ కప్‌గా మారిపోయింది. 2022 ఏప్రిల్‌లో కజకిస్థాన్ వెళ్లి ఆ దేశం చేతిలో 3-1తో ఓడిపోయారు. 2024 నవంబరులో స్పెయిన్‌లోని మలాగాలో జరిగిన ఫైనల్స్‌లో తొలి పోరులోనే బ్రిటన్ చేతిలో 2-0తో వెనుదిరిగారు. కప్పు రాలేదు. పెద్ద పేర్లున్న తరం వెళ్లిపోతున్న కాలంలో ఆయన చేతికి జట్టు వచ్చింది. కెర్బర్ కూడా పారిస్ ఒలింపిక్స్‌తో ఆట ముగించింది.

నన్ను కదిలించింది కప్పు కాదు, ఆ కుర్చీ. టెన్నిస్ చాలా ఒంటరి ఆట. షుట్లర్ ఆడిన రోజుల్లో పురుషుల టూర్ మ్యాచ్‌ల్లో కోచ్ నోరు విప్పకూడదు. సైగ చేసినా తప్పే. మెల్‌బోర్న్‌లో అగస్సీ ఎదుట సెట్ వెనుక సెట్ జారిపోతున్నప్పుడు పక్క మారే తొంభై సెకన్లూ తువాలు తల మీద వేసుకుని ఆయన ఒక్కడే కూర్చోవాలి. దేశాల జట్ల మధ్య జరిగే ఈ పోటీలో మాత్రం కోర్టు పక్కనే కెప్టెన్‌కు కుర్చీ ఉంటుంది. గేములు మారినప్పుడల్లా ఆటగత్తె వచ్చి కూర్చుంటే కెప్టెన్ నీళ్ల సీసా అందిస్తాడు, మాట్లాడతాడు, వింటాడు. ఎవరు ఏ రోజు ఆడాలో, డబుల్స్‌కు ఎవరెవరిని జత చేయాలో తేల్చేదీ ఆయనే. గెలిస్తే పేరు ఆడినవాళ్లది. ఓడితే ఆమె కళ్లలోకి చూసి మాట్లాడాల్సిన మనిషి ఆయన. నాలుగు మ్యాచ్ పాయింట్లు చేజారిన మనిషికంటే ఆ కుర్చీలో కూర్చోవడానికి తగినవాడు నాకు ఎవరూ కనిపించరు.

మామయ్యకు ఇప్పుడు డెబ్బై దాటాయి. రెండు మోకాళ్లూ అరిగిపోయి పరుగు మానేసి చాలా ఏళ్లయింది. అయినా ఉదయం కోర్టుకు వెళ్లడం మానలేదు. కాలనీ పిల్లలు నలుగురైదుగురు ఆయన దగ్గర ఆట నేర్చుకుంటారు. నెట్ స్తంభం పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాళ్ల దగ్గర బంతుల బుట్ట పెట్టుకుని కూర్చుంటారు. పిల్లలు పక్క మారేటప్పుడు ఆయన ముందుకు వంగి ఏదో చెబుతారు. చేతికర్రతో మట్టి మీద గీత గీసి చూపిస్తారు. కుర్చీ నాలుగు కాళ్లూ మట్టిలో దిగబడి గుంటలు పడిపోయాయి. ఆ గుంటలను ఎవరూ పూడ్చరు. రోజూ కుర్చీ అక్కడే పడుతుంది.

మలాగాలో జర్మనీ ఓడిన మరునాడు ఉదయం ఆ సంగతి చెబుదామని ఫోన్ చేశాను. ఎత్తారు కానీ నాతో మాట్లాడలేదు. ఎవరో పిల్లవాడు సెట్ ఓడిపోయి వచ్చి ఎదురుగా నిలబడినట్టున్నాడు. “ముందు నీళ్లు తాగరా” అంటున్న మామయ్య గొంతు వినిపించింది. కాసేపు ఏ శబ్దమూ లేదు. తరువాత, “ఆ బంతి ఇంకా ఉంది కదరా, నువ్వే ఆగిపోయావు. కూర్చో, చెబుతా” అన్నారు. ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా నేను లైన్లోనే ఉన్నాను.